పులివెందుల సామాను

"వంటోళ్ళు వచ్చి గంటాయ, హుమాయునూ! కట్టెలు దించినారు, కూరగాయలు తరిగినారు. పొయ్యి మీద పెట్టను పాత్ర ల్యాకపోతే ఏం పెట్టమంటావు, నా తలకాయనా?"

స్పీకర్లోంచి నాగరత్నమ్మ గొంతు ప్రొద్దుటూరులోని ఆ ముందుగదంతా నిండిపోయింది. ఆమె ఉండేది జమ్మలమడుగులో. పెద్ద బట్టల అంగడి వాళ్ళది. ఇప్పుడు ఆ ఇంట్లో మనవరాలు మేఘన పెళ్లి.

ఫోను ఫరహత్ అరచేతిలో ఉంది. జవాబు చెప్పవలసింది మాత్రం ఆమె మామ, పెళ్లిళ్ళకు వంటసామానూ షామియానాలూ అద్దెకిచ్చే హుమాయున్. ఆమె చేయి చాచి నిలబడితే, హుమాయున్ నడుం వంచి, బావిలోకి తొంగి మాట్లాడినట్టు ఆ ఫోనులోకి మాట్లాడుతున్నాడు.

"అమ్మా, పెండ్లి రేపు గదా. రేపు పొద్దున్నే బండి..."

"రేపేంది రేపు? ఈపొద్దు సందకాడ మగపెండ్లోళ్ళు దిగుతారు. నాలుగు వందల మందికి రాత్రి బోజనాలు. తెల్లారుజామున మూడూ పన్నెండుకు ముహూర్తం. నువ్వు రేపు పొద్దున్నే బండి పంపిస్తే ఆ పాత్రల్లో ఏం వండుకోవాల? పెండ్లయిపోయినోళ్ళకు కాఫీనా?"

హుమాయున్ ఫోనుకు ఇంకా దగ్గరగా వంగాడు.

"ముప్పై ఏండ్లాయ నీ దగ్గర సామాను తీసుకోబట్టి. ఒక్క తూరి అడగలేదు నిన్ను, వచ్చిందా రాలేదా అని. ఈపొద్దు అడిగించినావు. ఇంగ నేనేం చెప్పను, పన్నెండున్నరకు నా పొయ్యి ముట్టియ్యాల. అంతే."

ఫోను ఆగిపోయింది. చాచిన చేయి ఎప్పుడు దించాలో తెలియక ఫరహత్ అలాగే నిలబడింది. కాళ్ళ దగ్గర రెండేళ్ళ మున్నీ ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగుతోంది.

"ఎవురు రాసినారు?" అన్నాడు హుమాయున్. గోడను అడిగినట్టు అడిగాడు.

ఆయన కొడుకు, ఫరహత్ భర్త నాసిర్ గడపలో నిలబడి చెప్పులు సగం తొడుక్కున్నాడు. "ఎవురు రాస్తే ఏమి అబ్బా, ఇప్పుడు చూడాల్సింది..."

"ఎవురు రాసినారని అడుగుతాండా."

"నేనే మామా," అంది ఫరహత్.

ఆమె లోపలికి పరిగెత్తి పెళ్లికార్డు తెచ్చింది. కార్డు మీద పసుపు అంటిన చోట అక్షరాలు కొంచెం చెదిరాయి గానీ బాగానే కనబడుతున్నాయి. గురువారం రాత్రి తెల్లవారితే శుక్రవారం, గంటలు మూడూ పన్నెండు నిమిషాలకు. ఆమె వేలు పెట్టి చూపించింది. "ఈడ శుక్రవారమనే ఉండాది గదా మామా. ఫోన్లో బుకింగులు రాసే ఆ యాపులో ఒక్క తేదీయే అడుగుతాది. రెండు కొట్టనీదు. రాత్రి పన్నెండు దాటితే శుక్రవారమే అని..."

"నన్నడిగింది గూడా," అన్నాడు నాసిర్, తండ్రి కేసి చూడకుండా. "కార్డులో ఏముంటే అది కొట్టు అన్న్యా."

"శబాష్. ఇద్దరూ కల్సి కొట్టినారు." హుమాయున్ మంచం మీద కూలబడ్డాడు. "ఒరే, నేను ముప్పై ఏండ్లు పెండ్లి తేదీ రాసినానా పుస్తకంలో? పెండ్లి ఎప్పుడైతే నాకేంది? బండి ఎప్పుడు కదలాల, అది రాసుకున్యా. ముహూర్తం తెల్లారుజామునయితే బండి ముందురోజు పొద్దున్నే పోవాల. ఇది గూడా ఒగరు చెప్పాల్నా?"

"చెప్పాల," అన్నాడు నాసిర్ గట్టిగా. "చెప్పాల అబ్బా. నీ తలకాయలో ఉండేది మాకెట్ల తెలుస్తాది? నెలాయ నువ్వు పుస్తకం మూసి. ఇంగ మీరే చూసుకోండి అని మూల కూర్చున్యావు. ఒక్క దినమన్నా వచ్చి ఆ ఫోన్లో ఏముండాదో చూసినావా?"

"చూస్తే ఏం కనపడ్తాది నాకు? అదేందో క్లౌడంట. ఈడ ల్యాదంట, యాడనో ఉండాదంట. ఉండే జాగా గూడా తెలీని దాన్ని నమ్మి శెట్ల ఇంట్లో పొయ్యి ఆర్పితిరి."

"క్లౌడు ఆర్పలేదు. క్లౌడు మనం చెప్పింది చెప్పినట్టు చేసింది."

"అదే నేను చెప్పేది. పులివెందుల్లో ఉండే హఫీజు గాడికి తప్పు చెప్తే, ఏంది మామా ఇట్లంటాండావ్ అని నన్నే ఎదురడుగుతాడు. అది అడిగిందా?"

వంటింటి గుమ్మంలో చాటలో బియ్యం ఏరుతున్న అత్త మైమూన్ తల ఎత్తలేదు. చాటలో ఒక రాయి దొరికితే తీసి గోడకేసి విసిరింది.

హుమాయున్ లేచి భుజాన తువ్వాలు వేసుకున్నాడు. "నేను పోయి ఇంగో సప్లయర్ను అడుగుతా. ఈ ఊర్లో ఎవుర్నీ ఒక గరిటె గూడా అడగలేదు నేను. ఈపొద్దు అడుగుతా." గడప దాటుతూ ఆగాడు. "నాసిరూ, మన మాట గుర్తుండాది గదా? ఈ నెలలో ఒక్క పెండ్లి దగ్గర గూడా మాట రాకుండా నడిపితే మూడు ఊర్ల గోడౌన్లూ నీకే. వచ్చిందా, పులివెందుల, జమ్మలమడుగు గోడౌన్లు రెండూ మూసేస్తా. ఒక్క పుస్తకంతో ఒక్క గోడౌన్ నడుపుకునే ఓపిక నాకు ఇంగా ఉండాది. నీకు కువైట్ వీసా ఉండాది."

ఆయన వెళ్ళిపోయాడు. నాసిర్ రెండో చెప్పు తొడుక్కుని, బండి తాళాలు వెతుక్కున్నాడు.

"నేను జమ్మలమడుగు పోతాండా. ఆడ మనిషి లేకపోతే ఆమె ఇంగా రెచ్చిపోతాది."

"పోయి ఏం చేస్తావు, చేతుల్లో ఏమీ లేకుండా?" అంది ఫరహత్.

"తిట్లు తింటా," అన్నాడు నాసిర్. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "నువ్వు చూడు ఫరహతూ. యాడన్నా ఏమన్నా ఉండాదేమో ఆ ఫోన్లో చూడు."

బండి శబ్దం సందు మలుపు తిరిగేదాకా ఆమె వింటూ ఉంది.

* * *

పక్కింటి జరీనా కూతురు ఆర్షియాకు నాలుగేళ్ళు. పోయిన రంజాన్‌కు వాళ్ళ నాన్న కువైట్ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడితే ఆ పిల్ల మంచం కిందికి దూరింది. ఎంత పిలిచినా రాలేదు. చివరికి బయటికొచ్చి తల్లి చేతిలో ఫోను లాక్కుని, "మా అబ్బ ఇందులో ఉంటాడు" అని ఆ మనిషికే చూపించింది. అందరూ నవ్వారు. ఫరహత్ కూడా నవ్వింది. ఇంటికొచ్చి మున్నీని ఎత్తుకుని చాలాసేపు దించలేదు.

నాసిర్ వీసా కాగితం బీరువాలో బట్టల కింద ఉంది. హౌస్ డ్రైవర్ పని. వస్తాడో రాడో ఇరవయ్యో తేదీలోగా చెప్పాలి.

ఆమె మున్నీని చంకనేసుకుని, మరమరాల గిన్నె ఒకటి చేతికిచ్చి, ఫోను పట్టుకుని మంచం అంచున కూర్చుంది. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన ఆమెకు ఆ యాపులో ఇంగ్లీషు మాటలు చదవడం రాదు. కానీ ఏ మాట ఎక్కడుంటుందో, ఏది నొక్కితే ఏం తెరుచుకుంటుందో చేతికి తెలుసు.

నిజానికి ఆ యాపు వచ్చినప్పుడు ఇంట్లో అందరికంటే ముందు నమ్మింది ఆమే. కడప నుంచి వచ్చిన కంపెనీ మనిషి ముందుగదిలో కూర్చుని చెప్పాడు. "కంప్యూటర్ కొనక్కరలేదమ్మా. మీ ఫోను చాలు. ఈడ మీరు కొడితే పులివెందుల్లో కనపడుతుంది, జమ్మలమడుగులో కనపడుతుంది. ఫోను పోయినా మీ వివరాలు పోవు." పదిహేను రోజులు తిరక్కుండానే మున్నీ ఆ ఫోనును నీళ్ళ బకెట్లో వేసింది. నాసిర్ తన పాత ఫోనులో పాస్‌వర్డ్ కొట్టాడు. నెలకు సరిపడా పెళ్లిళ్ళన్నీ, ఏ పెళ్లికి ఎన్ని కుర్చీలో ఎన్ని గంగాళాలో, పొల్లుపోకుండా వచ్చి నిలబడ్డాయి. ఆ రోజు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నిరుడు ఇదే రోజుల్లో హుమాయున్ ప్రొద్దుటూరులో ఒప్పుకున్న పెద్ద షామియానానే హఫీజ్ పులివెందుల్లో ఒప్పుకున్నాడు. రెండు పెళ్లిళ్ళ వాళ్ళూ ఇంటి మీదికొచ్చారు. ఇక్కడ కుర్చీలు లేవని మనిషిని తిప్పి పంపిన రోజే అక్కడ నూటయాభై కుర్చీలు దుమ్ము కొట్టుకుంటూ పడి ఉన్నాయి. ఆ యాపు వచ్చాక అలాంటిది ఒక్కటీ జరగలేదు. మూడు ఊర్లూ ఆమె అరచేతిలో కనబడుతున్నాయి. మంచం మీద కూర్చుని, బిడ్డకు అన్నం పెడుతూ, ఆమె మూడు గోడౌన్లు నడుపుతోంది. నాసిర్ ఎక్కడికీ పోనక్కరలేదు.

ఒక్క తేదీ. ఆ ఒక్క గడిలో శుక్రవారం బదులు గురువారం పడి ఉంటే.

ప్రొద్దుటూరు నొక్కింది. అన్నం వండే పెద్ద డేగిశాలు ఒక్కటీ లేవు. పొద్దున్నే మైదుకూరు పెళ్లికి పోయాయి. జమ్మలమడుగు నొక్కింది. ఏమీ లేవు. అవి మైలవరం పెళ్లిలో ఉన్నాయి, రేపు పొద్దున్న తిరిగొస్తాయి. తిరిగొచ్చినవి నేరుగా నాగరత్నమ్మ ఇంటికి పోవాలని తానే రాసి పెట్టింది. ఎంత చక్కగా కుదిరిందో అని ఆ రోజు తనలో తాను మురిసిపోయింది కూడా.

పులివెందుల నొక్కింది.

డేగిశా పెద్దది, ఆరు. గంగాళాలు నాలుగు. బాండ్లీలు మూడు. గరిటెలు ఇరవై. అన్నీ గోడౌన్లోనే, ఖాళీగా.

ఫరహత్ ఒకసారి కళ్ళు మూసి తెరిచింది. అంకెలు మారలేదు.

ఎక్కడి నుంచి, పులివెందుల. ఎక్కడికి, జమ్మలమడుగు. ఏమేమి, ఎన్నెన్ని. ఒక్కొక్కటీ నొక్కుతుంటే మున్నీ కూడా వేలు పెట్టబోయింది. "వద్దు బంగారూ, ఇది ఒక్కటి అమ్మను కొట్టనీ." చివరి ఆకుపచ్చ గుర్తు నొక్కింది.

రెండు నిమిషాల్లో, తొమ్మిది కొడుతుండగా, ఫోను మోగింది. పులివెందుల గోడౌన్ చూసే హఫీజ్, మైమూన్‌కు తమ్ముడి కొడుకు.

"వదినా, మెసేజ్ వచ్చింది. జమ్మలమడుగుకేనా?"

"ఔ హఫీజు. మీ అన్న ఆడికే పోయినాడు, పన్నెండు లోపల ఉండాల ఆడ. నీకు పుణ్యముంటాది."

"పుణ్యమెందుకు వదినా, బిర్యానీ పెట్టు చాలు. బండి ఈడనే ఉండాది, ఎక్కిస్తాండా. జమ్మలమడుగు బస్టాండు కాడ నాసిరన్నకు ఫోన్ చేయమని డ్రైవర్‌కు చెప్తా."

ఫోను పెట్టేశాక ఆమె మున్నీని గాల్లోకి ఎగరేసి పట్టుకుంది. మరమరాలన్నీ మంచమంతా చిమ్మాయి. తరువాత నాగరత్నమ్మకు తానే ఫోను చేసింది.

"అమ్మా, సామాను బయల్దేరింది. పన్నెండుకంతా మీ ఇంటికాడుంటాది."

"నువ్వెవురు?"

"కోడల్ని అమ్మా. హుమాయున్ గారి కోడల్ని."

"సరే తల్లీ. రానీ," అంది నాగరత్నమ్మ.

* * *

పదకొండున్నర అవుతుండగా మైమూన్ పెరట్లో పనులు ముగించి, చీర దులుపుకుని, మున్నీ మంచం మీద మళ్ళీ చిమ్మిన మరమరాలు ఏరుతున్న కోడలి దగ్గరికి వచ్చింది.

"నవ్వుతాండావు. దొరికినాయా?"

"దొరికినాయత్తా." ఫరహత్‌కు పొద్దుట్నుంచీ ఇదే మొదటిసారి గొంతు విప్పి మాట్లాడటం. "మామ ఊరంతా తిరుగుతాండాడు పాపం. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నీ ఫోన్ నుంచి నువ్వొక తూరి చెయ్యి. పులివెందుల్లో పూర్తి సెట్టు ఖాళీగా ఉండాది. పంపించినా."

మైమూన్ కూర్చోబోతున్నది కూర్చోలేదు.

"పులివెందుల సామానా?"

"ఔ."

"నాగరత్నమ్మ ఇంటికి?"

"ఔ అత్తా. ఏమి?"

"వాళ్ళు శెట్లు మే," అంది మైమూన్. గొంతు తగ్గిపోయింది. "కోడిగుడ్డు గూడా గడప లోపలికి రానియ్యరు."

ఫరహత్‌కు అర్థం కాలేదు. అత్త ముఖంలోకి చూసింది.

"పులివెందుల గోడౌన్లో ఉండేదంతా మాంసం సామాను. ఆ పక్క పెండ్లంటే పొట్టేలు తెగాల్సిందే, ఏ కులమోళ్ళయినా. దానికని వేరే కొన్న్యాడు మీ మామ. ప్రొద్దుటూరువీ జమ్మలమడుగువీ శాకం సామాను. ముప్పై ఏండ్లలో అవి ఇవి కలవలేదు. ఒక గరిటె గూడా కలవలేదు. శెట్లు ఊరంతా ఇడిసిపెట్టి మనింటికే యాల వస్తారనుకుంటాండావు?"

"ఫోన్లో ఆ మాట లేదత్తా."

"ఫోన్లో యాల ఉంటాది? అది ఒకరు చెప్తే తెలుసుకునే సంగతా?"

ఫరహత్ ఫోను తెరిచింది. డేగిశా పెద్దది. మొత్తం లెక్కలో ప్రొద్దుటూరు ఆరు, జమ్మలమడుగు ఆరు, పులివెందుల ఆరు. మూడింటికీ ఒకే పేరు. పక్కన ఒకే బొమ్మ, కంపెనీ మనిషి ఒక్కసారి తీసి మూడు చోట్లా పెట్టిన బొమ్మ. పెళ్లై వచ్చిన మూడేళ్ళలో ఆమె ఏ గోడౌన్ గడపా తొక్కలేదు. ఆడవాళ్ళు పోయే చోటు కాదు. ఆమెకు తెలిసిన గోడౌన్లు ఈ మూడు గళ్ళే.

"హఫీజు అడగలేదా, ఎవురింటికని?"

"అడగలేదు. జమ్మలమడుగుకేనా అన్న్యాడు. అంతే."

"ఇంగ వాడేమనుకుంటాడు, ఆడి మన గోడౌన్‌కే అనుకుంటాడు." మైమూన్ మంచం కోడు పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది.

మున్నీ ఒక మరమరం తీసి నాయనమ్మ నోట్లో పెట్టబోయింది. మైమూన్ నోరు తెరవలేదు. బిడ్డ కాసేపు చూసి దాన్ని తానే తినేసింది.

* * *

నాసిర్ నాలుగోసారికి ఎత్తాడు. వెనక ఎవరో "ఆ కట్టెలు ఈ పక్కకెయ్యండి" అని అరుస్తున్నారు.

"బండి వచ్చిందా?" అంది ఫరహత్.

"వచ్చింది. దించినాం."

"దించొద్దు. అవి మాంసం సామానంట. అత్త చెప్పింది. నాకు తెల్దు, ఒట్టు, నాకు తెల్దు..."

"నాకు తెలుసు."

ఆమె ఫోను చెవికి ఇంకా గట్టిగా ఒత్తుకుంది. సరిగ్గా వినలేదేమో అనుకుంది.

"నేను ఆ గోడౌన్లోనే పెరిగినోణ్ని," నాసిర్ గొంతు తగ్గించాడు. "బండి తలుపు తెరవంగానే తెలిసింది. బస్టాండు కాడనే ఆపి, కుళాయి కాడ దించి, చింతపండేసి తోమించినా. నేను గూడా తోమినా. రెండు తూర్లు. అద్దం మాదిరి ఉండాయి."

"తోమితే?"

"తోమితే ఏంది? ఇత్తడికి ఏమన్నా తెలుస్తాదా, నాలో పోయినేడు ఏం ఉడికిందని?"

"వాళ్ళకు తెలియాల గదా."

"ఎవురు చెప్తారు? నువ్వు చెప్తావా?"

ఫరహత్ ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"ఇంగో పక్క సామాను దొరకదు. అబ్బ ఊరంతా అడిగినా అంతే, ఈపొద్దు లగ్గం దినం, ఎవురి కాడా లేవు. ఇవి వెనక్కి పంపితే ఈడ పెండ్లి ఆగుతాది. నాలుగు వందల మంది. అది ఆలోచన చేసినావా?"

"చేసినా."

"పెండ్లి ఆగితే నేను కువైట్ పోవాల. అది గూడా ఆలోచన చేసినావా? నాకు పోవాలని లేదు ఫరహతూ. వారం నుంచి నువ్వు ఏడుస్తాంటే నేను చూడలేదనుకున్యావా? నీకోసమే గదా ఈడ చేతులు పగిలేట్టు తోముకుంటాండేది."

"ఇట్ల చేసి ఉండమని నేను అడిగినానా?"

"మల్ల ఎట్ల ఉండమంటావు, చెప్పు. నువ్వు కొట్టిన తేదీకి నేను తిట్లు తింటి. నువ్వు పంపిన సామాను నేను కడిగితి. ఇంగ నువ్వు చేయాల్సింది ఒకటే. నోరు మూసుకుని కూర్చో. సాయంత్రానికి అంతా అయిపోతాది."

ఫోను పెట్టేశాడు.

అతను చెప్పినదాంట్లో అబద్ధం ఎక్కడుందో ఆమెకు దొరకలేదు. పాత్రలు శుభ్రంగా ఉన్నాయి. పెళ్లి జరుగుతుంది. ఎవరికీ ఏ రోగమూ రాదు. నాసిర్ ఇంట్లో ఉంటాడు. మున్నీ అబ్బ భుజమెక్కి సందు చివరిదాకా పోయి వస్తుంది. ఒక్కొక్కటిగా చూస్తే అన్నీ సరిగానే ఉన్నాయి. అన్నీ కలిపి చూస్తే సరిగా లేవు. తప్పు తేదీ దగ్గర మొదలైందా, తాను ఆకుపచ్చ గుర్తు నొక్కినప్పుడా, నాసిర్ చింతపండు కొన్నప్పుడా?

"ఏమన్న్యాడు?" అంది మైమూన్.

"తోమించినాడంట."

"నేను ఇనలేదు," అని మైమూన్ లేచి వంటింట్లోకి పోయింది. తలుపు పూర్తిగా వెయ్యలేదు, పూర్తిగా తీయలేదు.

* * *

పన్నెండూ పది. నాగరత్నమ్మ.

ఎత్తకుండా ఉండవచ్చు అనుకుంది ఫరహత్. అనుకుంటూనే ఎత్తింది.

"హలో, హుమాయున్ కోడలా? నీ పేరేంది మే? పొద్దున అడగనే లేదు నేను."

"ఫరహత్ అమ్మా."

"ఫరహతు. బాగుంది. చూడు ఫరహతూ, పొద్దున శానా మాటలన్న్యా మీ మామను. పెండ్లిల్లు గదా, నా తల నా కాడ లేదు. మనసులో పెట్టుకోవద్దని చెప్పు. మీ ఆయన ఈడనే ఉండాడు. ఇంత ఎండలో దగ్గరుండి పాత్రలు తోమించి తెచ్చినాడు. చేతులు ఎర్రగైనాయి పాపం. మజ్జిగ ఇస్తే తాగల్యా, పని అయిపోనీ అమ్మా అన్న్యాడు. ఈ కాలంలో ఎవురు చేస్తారు అట్ల?"

ఫరహత్ వంటింటి తలుపు వైపు చూసింది.

"పాత్రలకు పసుపు రాసి బొట్లు పెట్టినాము. మొదటి డేగిశాలో దేవునికి పరమాన్నం. అది నేనే దింపుతా నా చేత్తో, మా అత్తగారి కాలం నుంచి అంతే. నాలుగు దినాలుగా ఒక పూటే తిని ఉండా దానికోసం. మేఘన గూడా ఉండాది. ఎవురిదో ఒకరిది పుణ్యం, నీదే అనుకో..."

"అమ్మా," అంది ఫరహత్. "పొయ్యి ముట్టించినారా?"

"ముట్టిస్తాండారు. ఏమి?"

వంటింటి తలుపు వెనక గాజుల చప్పుడు ఆగిపోయింది. మున్నీ ఆమె ఒళ్ళోకి పాకి, రైక గుండీ పట్టుకుని తిప్పుతోంది. పరమాన్నం మాట వినకపోతే చెప్పేదాన్ని కాదేమో అని ఆమెకు తరువాత అనిపించింది. అప్పుడు మాత్రం ఏమీ అనిపించలేదు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ముట్టించొద్దమ్మా. అవి మీ సామాను కాదు. పులివెందుల సామాను. మాంసం వండే సామాను. నేనే పంపినా, తెలీక పంపినా. ఫోన్లో అన్నీ ఒకటే మాదిరి కనపడినాయి. తేదీ గూడా నేనే తప్పు కొట్టినా. మా మామకు ఏ పాపమూ తెలీదమ్మా, ఆయన పొద్దుట్నుంచి మీకోసమే ఊరంతా అడుక్కుంటాండాడు."

నాసిర్ పేరు ఎత్తలేదు. ఎత్తకపోవడం అబద్ధమవుతుందా, కాదా? తేల్చుకునే సమయం లేదు.

అవతల ఎవరో బెల్లం ఎక్కడ పెట్టారని అడుగుతున్నారు. ఆడపిల్లలు నవ్వుతున్నారు. ఆ నవ్వుల మధ్య నాగరత్నమ్మ గొంతు, ఫోనుకు దూరంగా, ఒక్కసారి గట్టిగా వినిపించింది. "ఆగండి. అగ్గిపుల్ల గియ్యొద్దు. ఆగండి అంటాండా!"

నవ్వులు ఆగిపోయాయి.

ఆమె మళ్ళీ ఫోనులోకి వచ్చినప్పుడు గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండును అనిపించింది ఫరహత్‌కు.

"మీ ఆయనకు తెలుసునా ఇది?"

ఫరహత్ మున్నీ వేళ్ళలోంచి గుండీ విడిపించుకుంది.

"సరే. అది చెప్పొద్దులే," అంది నాగరత్నమ్మ నెమ్మదిగా. "హుమాయున్‌కు తెలుసునా? ఆ ఒక్క మాట చెప్పు నాకు."

ఫరహత్ తల ఎత్తింది. గడపలో మామ నిలబడి ఉన్నాడు. భుజం మీద తువ్వాలు చెమటకు తడిసి అంటుకుపోయింది. చెప్పులు విప్పలేదు. ఎప్పుడు వచ్చాడో, ఎక్కడి నుంచి విన్నాడో తెలియదు. ఆయన ముఖం చూస్తే, విన్నాడా అని అడగవలసిన పని లేదు.

"ఇప్పుడే తెలిసిందమ్మా," అంది.

హుమాయున్ చెప్పులతోనే లోపలికి వచ్చి, కోడలి వైపు చేయి చాచాడు. ఫోను ఇవ్వమంటున్నాడో, కట్ చేయమంటున్నాడో ఆమెకు అర్థం కాలేదు. కట్ చేయకుండానే దాన్ని ఆయన చేతిలో పెట్టింది.